నడుము పట్టిందని మంచం పట్టొద్దు

(మిర్యాలగూడ ప్రాంతంలో హమాలీలు, రైతు కూలీలు, ఆశా కార్యకర్తలు కూర్చున్న ఒక సభలో ఎముకల డాక్టరు చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరులోనే ఇస్తున్నాం.)

అందరికీ నమస్కారం. గంటసేపు కదలకుండ కూర్చోవాలని ఇక్కడ రూలేం లేదు. నడుము గుంజేటోళ్లు లేచి గోడకు నిలబడి వినండి, రెండడుగులు వేసి రండి. నేనేం అనుకోను. ఇయ్యాల చెప్పేదాంట్ల సగం సంగతి అదే.

నడుము అంటే ఐదు బొక్కలు. మెడ కాడ ఏడు, వీపు కాడ పన్నెండు, వాటి కింద ఈ ఐదు. పై పెయ్యి బరువంత వీటి మీదనే పడతది. బొక్కకు బొక్కకు నడుమ డిస్క్ ఉంటది. బయట గట్టి నార పొరలు, లోపల నీళ్లు పట్టుకొని ఉండే మెత్తటి గుజ్జు. డిస్క్ వెనకాల నుంచే నరాలు బయటికొచ్చి కాళ్లలకు దిగుతయి. ఎక్కువ మందికి తకరారు వచ్చేది అడుగున ఉన్న రెండు డిస్కుల కాడ. రిపోర్టుల్ల ఎల్4-ఎల్5, ఎల్5-ఎస్1 అని రాస్తరు చూడండి, అవే.

నడుము నొప్పి అని వచ్చిన వందమందిల దాదాపు తొంభై మందికి ఇదిగో ఇది ఇరిగింది, ఇక్కడ చీము ఉన్నది అని వేలు పెట్టి చూపే కారణం దొరకది. కండరమో, బొక్కలను కట్టి ఉంచే లిగమెంటో, బొక్కల వెనకాల ఉండే చిన్న కీలో అలిసిపోయి, మంటెక్కి గట్టిగ పట్టేస్తది. నొప్పి మాత్రం ప్రాణం పోయేటట్టే ఉంటది, మంచంల పక్కకు తిరగనియ్యది. నొప్పి ఎంత ఎక్కువుంటే లోపల దెబ్బ అంత పెద్దది అనుకుంటం కద, నడుము విషయంల ఆ లెక్క కుదరది. ఎక్కువ మందికి రెండు వారాల నుంచి ఆరు వారాల లోపల దిగిపోతది.

ఈ ఆరు వారాలు మనం ఏం చేస్తమన్నదే అసలు సంగతి. పాతకాలంల మేం డాక్టర్లమే "మూడు వారాలు మంచం దిగొద్దు" అని రాసిచ్చేది. అది తప్పని తేలి చాన ఏండ్లయింది. మంచం మీదనే ఉంటే నడుమును నిలబెట్టే కండరాలు రోజురోజుకు బలం తగ్గుతయి, కీళ్లు బిగుసుకుంటయి, లేవాలంటే మనసుల భయం కూసుంటది. పదిహేను రోజులకు లేచినోడికి అసలు నొప్పి పోయినా, పండుకున్నందుకు వచ్చిన నొప్పి మిగులుతది.

నడుము పట్టిన మొదటి రోజు ఏం చేయాలె? వెల్లకిల పండుకొని మోకాళ్ల కింద రెండు మెత్తలు పెట్టుకోండి. లేకుంటే పక్కకు తిరిగి మోకాళ్ల నడుమ ఒక మెత్త పెట్టుకోండి. ఇరవై, ముప్పై నిమిషాలకు మించి ఒకటే తీరు ఉండొద్దు. లేచేటప్పుడు తిన్నగ పైకి లేవకండి. ముందు పక్కకు తిరగాలె, కాళ్లు రెండు మంచం కిందికి జారవిడవాలె, అదే ఊపుల మోచెయ్యి, అరచెయ్యి ఆనించి పైకి రావాలె. ఇల్లంత ఒక చుట్టు తిరగండి. వేడినీళ్ల సంచో, ఇసుక మూటో గుడ్డల చుట్టి 15, 20 నిమిషాలు కాపడం పెట్టుకోండి. షుగరు ఉండి తిమ్మిరున్నోళ్లు కాపడంతోని జాగ్రత్త, కాలినా తెలవది. రెండో రోజు, మూడో రోజు నడక పెంచుకుంటపోవాలె. బరువులు మాత్రం అప్పుడే వద్దు. చెక్క మీదనో, బండ మీదనో పండుకోవాలన్న మాట కూడ పక్కన పెట్టండి. మరీ గట్టి పరుపు కంటే నడిమి రకం గట్టిదనం ఉన్న పరుపే దీర్ఘకాలం నడుము నొప్పి ఉన్నోళ్లకు మేలు.

గోలీల సంగతి. పారాసిటమాల్ జ్వరానికి మంచిగ పనిచేస్తది, నడుము నొప్పికి అంతగ పనిచేయది. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి అన్నం తిన్నంక, నాలుగైదు రోజులు, డాక్టరు చెప్పినంత వరకే. కిడ్నీ జబ్బు, కడుపుల పుండు, గుండె జబ్బు, రక్తం పల్చబడే మందులు ఉన్నోళ్లు, గర్భిణులు మెడికల్ షాపుల అడిగి వేసుకోనే వద్దు. ఊర్ల ఇచ్చే సూది కూడ చెప్పాలె. పొద్దున సూది వేస్తే సాయంత్రానికి నాట్లకు పోయేటంత బలం వస్తదంటరు. అట్లాంటి సూదుల్ల చానసార్లు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ కలిపి ఉంటది. మూడు రోజులు నొప్పి తెలవది, నాలుగో రోజు మళ్లా మొదలు. ఇట్ల నెలకు రెండు మూడుసార్లు పొడిపించుకుంటపోతే షుగరు పెరుగుతది, బొక్కలు గుల్లబారుతయి, తుంటి బంతికి రక్తం ఆగి అది చితికిపోతది. నడుము నొప్పికి మొదలుపెట్టిన సూది, చివరికి తుంటి మార్పిడి ఆపరేషన్ కాడికి తెస్తది. సూది వేసేటాయనను "ఇండ్ల ఏముంది, చీటీ మీద రాసియ్యి" అని అడగండి. రాసియ్యనంటే ఆ సూది వద్దు.

ఇగ ఎమ్మారై స్కాన్ సంగతి. "గ్యాప్ వచ్చింది" అన్న మాట వినంగనే మనిషి సగం చచ్చిపోతడు. 2015ల ఒక పెద్ద పరిశీలన అచ్చయింది. నడుము నొప్పి అసలే లేనోళ్ల స్కానింగులు తీసి చూసిన పరిశోధనలన్నిటినీ కలిపి లెక్కేసిన్రు. ఇరవై ఏండ్లోళ్లల్ల 37 శాతం మందికి డిస్కులు అరిగినట్టు, 30 శాతం మందికి డిస్క్ ఉబ్బినట్టు కనబడ్డది. ఎనభై ఏండ్లోళ్లల్ల అరుగుదల 96 శాతం, ఉబ్బుడు 84 శాతం. నొప్పి లేనోళ్లకే ఇట్లుంటే, మీ రిపోర్టుల ఉన్న ఉబ్బే మీ నొప్పికి కారణమని ఎట్లంటం? నెరిసిన వెంట్రుక ఎంత జబ్బో, చాన మందిల ఈ ఉబ్బు కూడ అంతే. కాలు బలం తగ్గినప్పుడు, జ్వరముండి అనుమానం వచ్చినప్పుడు, ఆపరేషన్ ఆలోచన ఉన్నప్పుడు స్కాన్ కావాలె. నిన్న పట్టిన నడుముకు ఇయ్యాల వేల రూపాయలు పెట్టి ఎమ్మారై తీయించుడు దండగ.

హమాలీ అన్నలు ఎక్కువున్నరు కాబట్టి బరువు సంగతి కొంచెం వివరంగ చెప్త.

20 కిలోల మూటను చేతులు ముందుకు చాపి పట్టుకున్నరనుకోండి. వెన్నుపూస నుంచి మూట దూరం అర మీటరు, అంటే 50 సెంటీమీటర్లు. వెనకాల దాన్ని ఆపేటందుకు కండరానికి పట్టు దొరికేది ఇంచుమించు 5 సెంటీమీటర్ల దూరంలనే. 5కు 50 పదింతలు. ఆ 20 కిలోలను ఆపనీకె కండరం 200 కిలోల బలంతోని గుంజాలె, ఆ గుంజుడంత డిస్క్ మీద పడతది. అదే మూటను పొట్టకు ఆనించి 25 సెంటీమీటర్లకు తెస్తే 100 కిలోలతోని సరిపోతది. బరువు మారలేదు, దూరం ఒక్కటే మారింది. అందుకే "మోకాళ్లు వంచాల్నా, నడుము వంచాల్నా" అన్న కొట్లాట కంటే, బరువు పెయ్యికి ఎంత దగ్గరున్నదన్నది ముఖ్యం.

అమెరికాల కార్మికుల ఆరోగ్యం చూసే నియోష్ అనే సంస్థ ఒక లెక్క కట్టింది. అన్నీ కుదిరినప్పుడు, అంటే బరువు నడుము ఎత్తుల ఉండి, పెయ్యికి ఆనుకొని ఉండి, తిరిగే పని లేకుంటే, ఒక్కరు ఎత్తేది 23 కిలోలకు మించొద్దని. మన కొనుగోలు కేంద్రంల వడ్ల బస్తా 40 కిలోలు. బియ్యం బస్తా 50. యూరియా 2018 నుంచి 45కు తగ్గింది గాని డీఏపీ, సిమెంటు 50. ఇవన్నీ లెక్కకు రెండింతలకు దగ్గర. కాబట్టి "సరిగ్గ ఎత్తు" అని ఒక్క మనిషికి పాఠం చెప్పుడుతోని పని కాదు, పని జరిగే తీరు మారాలె.

ఎక్కడ తప్పు జరుగుతదో చూద్దాం. వీపు మీదున్న బస్తా వెన్నుకు దగ్గర ఉంటది, నడిచేటప్పుడు ఇబ్బంది తక్కువ. దెబ్బ తగిలేది రెండు జాగాలల్ల. ఒకటి, భూమి మీది బస్తాను ఒక్కడే వంగి లేపేటప్పుడు. రెండోది, లారీ కాడ బస్తాను పక్కకు విసిరేటప్పుడు, అప్పుడు కాళ్లు కదలవు, నడుము ఒక్కటే తిరుగుతది. వంగుడు, తిరుగుడు, బరువు మూడూ ఒక్కసారి కలిస్తే డిస్క్ వెనక పొరలు చిట్లుతయి. మొదటిదానికి, కాంటా అయినంక బస్తాను నేల మీద పడేయకుండ రెండున్నర, మూడడుగుల ఎత్తు దిమ్మె మీదనో, పేర్చిన బస్తాల మీదనో పెట్టియ్యాలె. అట్ల కుదరకుంటే ఇద్దరు చెరో కొస పట్టి మూడో మనిషి వీపుకు ఎక్కియ్యాలె. రెండోదానికి, తిరగాల్సి వస్తే పాదాలు తిప్పాలె, బొడ్డు ఏ దిక్కుందో బస్తా ఆ దిక్కే ఉండాలె. లారీకి వేసిన చెక్క జారకుండ గోనె సంచి పరిచి కట్టాలె. జారినప్పుడు ఆపుకోబోయి నడుము పట్టిచ్చుకున్నోళ్లు తక్కువేం లేరు. ఇంకో మాట, భోజనం చేసి గంటసేపు ముడుచుకొని కూర్చున్నంక, లేవంగనే మొదటి బస్తా ఎత్తొద్దు. వంగి ఉన్నప్పుడు వెనకాల లిగమెంట్లు సాగి ఉంటయి, మళ్లా బిగిసేటందుకు కొంత టైం పడతది. రెండు నిమిషాలు నడిచి, నడుము మీద చేతులు పెట్టి ఐదారుసార్లు వెనక్కు వాలి అప్పుడు మొదలుపెట్టండి.

పొద్దున నిద్ర లేచినంక కూడ గిట్లనే. రాత్రంత పండుకున్నప్పుడు డిస్కులు నీళ్లు పీల్చుకొని ఉబ్బి ఉంటయి. ఆ మొదటి గంటల లోతుగ వంగే పని, వాకిలి ఊడ్చుడు, బోరింగు కాడ బకెట్లు ఎత్తుడు లాంటిది నొప్పి ఉన్నోళ్లు కొంచెం వెనక్కి జరుపుకుంటే బాగుంటది.

పత్తి ఏరే అక్కలకు, నాట్లు వేసే అక్కలకు బరువు కంటే వంగి ఉండే టైమే పెద్ద శత్రువు. 20 నిమిషాలకొకసారి నిటారుగ లేచి ఐదుసార్లు వెనక్కు వాలుడు, అంతే, అర నిమిషం పని. మేస్త్రీ కోపం చేస్తే మేస్త్రీని కూడ వాలమనండి. ఒడి నిండేదాక చూడకుండ సగంలనే పోసి రండి, ముందు వేలాడే బరువు ఎంత దూరముంటే నడుముకు అంత భారమని ఇందాకనే లెక్క చూసినం. మందు కొట్టే పంపు 16 లీటర్లది నింపితే, పంపు బరువుతో కలిసి 20 కిలోలు దాటుతది. దాన్ని నేల మీద నుంచి ఒక్క చేతితోని లేపి ఒక భుజానికి తగిలించుకునేటప్పుడే పట్టేస్తది. గట్టు మీదనో, బండి మీదనో పెట్టి, దానికి వెనక్కు తిరిగి నిలబడి, రెండు పట్టీలు ఒక్కసారి వేసుకొని ముందుకు అడుగేయండి. నిండు గ్యాస్ బండ 30 కిలోల దాక ఉంటది, అంచు మీద దొర్లించండి, ఎత్తకండి. గుంట మగ్గం నేసేటోళ్లు అరగంటకొకసారి గుంటల నుంచి పైకి రావాలె.

నొప్పి దిగినంక మళ్లా రాకుండ ఉండాలంటే కండరం గట్టిపడాలె. నాలుగు పనులు చెప్త. వెల్లకిల పండుకొని ఒక మోకాలును రెండు చేతులతోని ఛాతీ దిక్కు గుంజి పది లెక్కపెట్టుడు, ఒక్కో కాలుకు ఐదుసార్లు. మోకాళ్లు మడిచి, పాదాలు నేల మీద ఆనించి పిర్రలు పైకి లేపి ఐదు లెక్కపెట్టి దించుడు, పదిసార్లు. చేతులు, మోకాళ్ల మీద నిలబడి కుడిచెయ్యి, ఎడమకాలు ఒకేసారి చాపి ఎనిమిది లెక్కపెట్టుడు, తర్వాత రెండో జత, ఆరేసిసార్లు. బోర్ల పండుకొని మోచేతుల మీద లేచి రెండు నిమిషాలు ఉండుడు. ఈ చివరిదాంట్ల ఒక సంగతి గమనించండి. కాలుల ఉన్న నొప్పి పైకి, నడుము దిక్కు వస్తే మంచిదే, చేస్తనే ఉండండి. నొప్పి తొడ నుంచి పిక్కకు, పాదానికి దిగుతుంటే ఆపేయండి. చేసేటప్పుడు కొంచెం నొప్పి ఉంటే పర్వాలేదు, మర్నాడు పొద్దుటికి మామూలు కాకుంటే ఎక్కువ చేసినట్టు.

ఇవి కూడ చేయలేమంటే నడవండి. ఆస్ట్రేలియాల 701 మంది మీద చేసిన పరిశోధన 2024ల వచ్చింది. నడుము నొప్పి తగ్గినోళ్లను మెల్లమెల్లగ పెంచుకుంట వారానికి ఐదురోజులు, రోజుకు అరగంట దాక నడిపించిన్రు. నడవనోళ్లకు 112 రోజులకు నొప్పి తిరగబెడితే, నడిచినోళ్లకు 208 రోజుల దాక రాలేదు. నడుము బెల్టు నొప్పి రాకుండ ఆపుతదనేటందుకు గట్టి రుజువు లేదు.

ఇగ మన ప్రాంతంల ఊకే నడుము నొప్పి అని వదిలేయకూడనివి ఉన్నయి. ఆశా అక్కలు రాసుకోండి.

మొదటిది ఫ్లోరోసిస్, అంటే తాగే నీళ్లల్ల ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు. మన నల్లగొండ జిల్లాల మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు దిక్కు చెప్పాల్సిన పని లేదు. తాగే నీళ్లల్ల ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపల ఉండాలె, వేరే దారి లేకుంటే 1.5 దాక. లోతు బోర్లల్ల దీనికి ఎన్నో రెట్లు తాగిన తరం మన కండ్ల ముందే ఉన్నది. ఫ్లోరైడ్ బొక్కను మందంగ చేస్తది గాని గట్టిగ చేయది. లిగమెంట్లల్ల సున్నం పేరుకుంటది, నడుము, మెడ బిగుసుకుంటయి, మెల్లగ మనిషి ముందుకు వంగిపోతడు. నరాల దారి ఇరుకైతే కాళ్లు బిర్రబిగుస్తయి. మూడు పరీక్షలు చేయించండి: గదవను ఛాతీకి తాకియ్యమనండి. మోకాళ్లు వంచకుండ కాలి వేళ్లు ముట్టుకోమనండి. రెండు చేతులు పక్కలకు చాపి, మడిచి, తల వెనక ముట్టుకోమనండి. మూడింట్ల ఏదన్నా చేతకాకుండ, పండ్ల మీద పసుపు, గోధుమ చారలు ఉంటే ముంజేతికి ఎక్స్‌రే తీయించాలె, రెండు బొక్కల నడుమ పొర సున్నం పట్టి కనబడతది. బిగిసిన బొక్కను వెనక్కి తెచ్చే మందు లేదు, ముదరకుండ ఆపొచ్చు. మిషన్ భగీరథ కింద వచ్చే నల్లా నీళ్లు తాగనీకె ఒక్కటే కాదు, అన్నం, పప్పు వండనీకె కూడ వాడాలె. పొలం కాడ బోరు నీళ్లు తాగితే ఇంట్ల పడ్డ పాట్లన్నీ వట్టివే. కాగబెడితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఇగిరి ఇంకా చిక్కబడతది. నల్ల ఉప్పు, పాలు లేని డికాక్షన్ చాయ్ తగ్గించండి. పాలు, రాగులు, మునగాకు, ఉసిరి పిల్లలకు పెట్టండి.

రెండోది టీబీ. వెన్నుపూసకు టీబీ వస్తే దగ్గు ఉండకపోవచ్చు. సాయంత్రం పూట జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గుడు, వెన్ను మీద ఒక్కచోట వేలు పెడితే జివ్వుమనుడు. మొదట్ల ఎక్స్‌రేల కనబడకపోవచ్చు. మందులు సర్కారు దవాఖానల ఉచితం, ఏడాది, కొందరికి ఇంకా ఎక్కువ వాడాలె, నొప్పి తగ్గిందని నాలుగు నెలలకు ఆపొద్దు. పౌష్టికాహారానికి నెలకు 1000 రూపాయలు నిక్షయ్ అనే సర్కారు పథకం కింద ఖాతాల పడతయి.

మూడోది ఆ రాత్రికి ఆ రాత్రే కదలాల్సింది. నడుము నొప్పితోపాటు ఒంటికి రాకుండ ఆగిపోవుడు, లేకుంటే తెలవకుండ పోవుడు, దొడ్డి మీద అదుపు తప్పుడు, కూర్చునే భాగంల, మర్మాంగం కాడ స్పర్శ లేకపోవుడు, రెండు కాళ్లు బలం తప్పుడు. కింది నరాల కట్ట మొత్తం నొక్కుకుపోతే ఇట్లయితది. తెల్లారినంక చూద్దామనొద్దు, 48 గంటల లోపల ఆపరేషన్ అయితే కోలుకునే అవకాశం ఎక్కువ. 108కి చెయ్యండి, వెన్ను ఆపరేషన్ చేసే డాక్టరున్న దవాఖానకే పోవాలె. ఒక్క కాలుకే బలం తగ్గిందా అని చూసేటందుకు మడమల మీద పదడుగులు, మునివేళ్ల మీద పదడుగులు నడిపించండి. చెప్పు తెలవకుండ జారిపోతున్నా, గడపకు బొటనవేలు తగులుతున్నా వారంల డాక్టరుకు చూపించాలె.

తాటిచెట్టు మీద నుంచి పడ్డ గీత కార్మికుణ్ని నలుగురు చేతులు, కాళ్లు పట్టి లేపుతరు. ఆ లేపుడులనే ఇరిగిన బొక్క వెన్నుపామును కోస్తది. కూర్చోబెట్టొద్దు, నీళ్లు తాగించొద్దు. తల, భుజాలు, తుంటి ఒక్క గీత మీద ఉండేటట్టు నలుగురు కలిసి ఒక్కసారి పక్కకు దొర్లించి, కింద తలుపు చెక్క జరిపి దాని మీద ఎక్కియ్యాలె. చెట్టు మీద నుంచి పడకుండ ఆపేటందుకు 2024 నుంచి ఇస్తున్న కాటమయ్య రక్షణ కిట్టు వచ్చినోళ్లు దయచేసి దాన్ని దండానికి వేలాడదీయకండి.

నలభై ఏండ్ల లోపోళ్లకు పొద్దున లేచినంక అరగంట మించి నడుము బిగుసుకొని, తిరిగితే తగ్గి, పండుకుంటే ఎక్కువయ్యేది మూడు నెలలు దాటితే, అది వాతం కావొచ్చు. కీళ్లవాతం డాక్టరుకు చూపియ్యాలె. నడుము పక్క నుంచి గజ్జలకు అలలు అలలుగ వచ్చి, ఒక్కచోట నిలవనియ్యని నొప్పి కిడ్నీల రాయి కావొచ్చు.

ప్రశ్నలు అడగండి.

ఒక అక్క: ఎదురుకాళ్లతోని పుట్టినోళ్లతోని తొక్కిచ్చుకుంటే పోతదంటరు సార్?

తగ్గినోళ్లకు దానంతటదే తగ్గే టైమయింది అక్కా. ముసలోళ్ల బొక్క గుల్లగ ఉన్నా, టీబీ ఉన్నా తొక్కినప్పుడు చితికిపోతది. వాతలు పెట్టుడు కూడ వద్దు.

ఇంకొకామె: నడుము నొప్పికి గర్భసంచి తీపిచ్చుకోమన్నరు.

నడుము నొప్పి ఒక్కదాని కోసం గర్భసంచి తీయొద్దు. ఇది గట్టిగ చెప్తున్న. తీసినంక కూడ నొప్పి అట్లనే ఉంటది. అండాశయాలు కూడ తీసేస్తే ముప్పై, ముప్పై ఐదుకే ముట్లు ఆగిన పెయ్యి అయితది, బొక్కలు గుల్లబారి కొన్నేండ్లకు వెన్నుపూసలే కుంగుతయి. కాన్పుల నడుముకు ఇచ్చిన మత్తు సూది వల్లనే ఏండ్లకేండ్లు నొప్పి అనేది కూడ నిజం కాదు. పిల్లను ఎత్తుకునే తీరు, వంగి పాలిచ్చే తీరు చూసుకోండి.

ఒక హమాలీ అన్న: ఆపరేషన్ చేస్తే కాళ్లు పడిపోతయంటరు, చేపిచ్చుకోవాల్నా వద్దా?

కాలు గుంజుడు, సయాటికా ఉన్నోళ్లల్ల ఎక్కువ మందికి ఆరు నుంచి పన్నెండు వారాలల్ల తగ్గుతదన్నా. బయటికొచ్చిన గుజ్జును చానసార్లు పెయ్యే కరిగించుకుంటది. అప్పటికీ కాలునొప్పి తట్టుకోలేకుండ ఉన్నా, బలం రోజురోజుకు తగ్గుతున్నా ఆపరేషన్ మంచిదే. కాలునొప్పికి బాగ పనిచేస్తది, వట్టి నడుము నొప్పికి అంత పనిచేయది. ఒక డాక్టరు ఆపరేషన్ అంటే ఇంకో డాక్టరుకు చూపియ్యండి, తప్పేం లేదు. పోయేటప్పుడు స్కాన్ ఫిల్ములు, వాడిన గోలీల చీటీలు, రేషన్ కార్డు, ఆధార్ పట్టుకపోండి. ఆరోగ్యశ్రీ కింద ఏడాదికి 10 లక్షల దాక ఉన్నది, మీ ఆపరేషన్ దాంట్ల వస్తదా రాదా అని దవాఖానల కూర్చునే ఆరోగ్యమిత్రను పైసలు కట్టకముందే అడగండి.